బ్లాక్ బెల్టుకి బీటెక్కు బ్యాకప్పా?

మన సాఫ్టువేరు జనానికి ఒక అలవాటుంది. ఏ రోగమైనా సరే ఒకటే మందు రాసిచ్చేస్తాం. పిల్లాడు బొమ్మలు బాగా వేస్తాడా? ముందు బీటెక్ చెయ్యమనండి, తరవాత తీరిగ్గా వేసుకుంటాడు. అమ్మాయి సంగీతం నేర్చుకుంటోందా? బీటెక్ అయ్యాక నేర్చుకోదూ! జూడోలో రాష్ట్రస్థాయి పతకం తెచ్చిందా, ఇహ అందులోనే ఉంటానంటోందా? అబ్బో, చాలా సంతోషం. ముందు బీటెక్ చెయ్యమనండి, చేతిలో ఒక బ్యాకప్పు ఉంటుంది.

ఈ ఆఖరి మాట వింటేనే నాకు ఒళ్ళు మంట.

నేను ఉద్యోగం చేసేది సాఫ్టువేరులోనే. వారానికి మూడు సాయంత్రాలు మాత్రం జూడో మ్యాట్ మీద ఉంటాను. ఆటగాడిగా కాదు, చిన్నపిల్లలకి పడటం నేర్పేవాడిగా. (జూడోలో మొదట నేర్పేది పడెయ్యడం కాదు, దెబ్బ తగలకుండా పడటం.) ఆఫీసులో ఫ్రెషర్ల ఇంటర్వ్యూలు కూడా చేస్తుంటాను. కాబట్టి ఈ రెండు లోకాల మధ్య నలిగిపోయే పిల్లల్ని రెండు వైపుల నుంచీ చూస్తున్నాను. ఐటీలో ఉన్నామన్న ఒక్క కారణంతో అక్కయ్య కొడుకు దగ్గర్నుంచి అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కూతురి దాకా అందరూ సలహా అడిగేది మననే. మనం ఆలోచించకుండా చెప్పే ఆ ఒక్క ముక్క ఒక పిల్లాడి పద్దెనిమిదో ఏడు నుంచి ఇరవై రెండో ఏడు దాకా తినేస్తుంది.

నా వాదన ఇదీ. కరాటేలోనో, జూడోలోనో, బాక్సింగులోనో బతకాలనుకునే పిల్లలకి డిగ్రీ కావాలి. తప్పకుండా కావాలి. కానీ అది ప్రాక్టీసుని మింగేసే డిగ్రీ కాకూడదు, ఆటకి పనికొచ్చే డిగ్రీ కావాలి. చాలామంది విషయంలో బీటెక్ ఆ పని చెయ్యదు.

ముందు మన గురించి మనం కాస్త నిజాలు మాట్లాడుకుందాం. ఏ గేటెడ్ కమ్యూనిటీ క్లబ్ హౌసుకైనా సాయంత్రం ఆరింటికి వెళ్ళి చూడండి. తెల్ల బట్టలు, పసుపు బెల్టులు, ఆకుపచ్చ బెల్టులు, ఒకటే అరుపులు. ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి దాకా పిల్లలు కిటకిటలాడుతుంటారు. అందులో తొమ్మిదో తరగతి పిల్లలు ఎంతమందో లెక్కపెట్టండి. వేళ్ళు మిగిలిపోతాయి. ఎనిమిదిలో ఐఐటీ ఫౌండేషను మొదలవుతుంది, కరాటే ఫీజు ఆగిపోతుంది. "బ్లాక్ బెల్టు వచ్చేసిందిగా, ఇంకేం నేర్చుకోవాలి?" అంటారు. జపనీయులు మొదటి బ్లాక్ బెల్టుని 'షోదాన్' అంటారు. ఆ మాటకి అర్థమే 'తొలి మెట్టు'. వాళ్ళకి తొలి మెట్టు, మనకి కాన్వొకేషను :)

సరే, ఇంత జరిగినా మానకుండా నిలబడిన పిల్లలు కొందరుంటారు. వాళ్ళ గురించే ఇదంతా.

బీటెక్ బ్యాకప్పు సంగతి చూద్దాం. ఆ మధ్య నా ముందుకొచ్చిన ఒక రెజ్యూమె కథ ఇది. కుర్రాడు ఇంటర్ దాకా జూడోలో జాతీయస్థాయి స్కూలు పోటీలు ఆడాడు. ఇంట్లోవాళ్ళు బ్యాకప్పు కోసం కంప్యూటర్ సైన్సులో చేర్పించారు. మొదటి ఏడాది పోటీలకి తిరిగి హాజరు తగ్గింది, సబ్జెక్టులు మిగిలాయి. రెండో ఏడాది ఆ మిగిలినవి రాసుకోవడానికి పోటీలు మానేశాడు. నాలుగేళ్ళ చదువు ఆరేళ్ళయింది. లింక్డ్ లిస్టుని రివర్స్ చెయ్యమంటే తెల్లమొహం వేశాడు. కాసేపు మాట్లాడకుండా కూర్చుని, "సార్, నేను బాగా ఆడేవాణ్ణి" అన్నాడు. ఆ ఉద్యోగం అతనికి రాలేదు. అతని ఆట అంతకు ముందే పోయింది.

బీటెక్ చేస్తూ ఆడినవాళ్ళు అసలు లేరా? ఉన్నారు. జేఎన్‌టీయూ జట్లు కూడా పోటీలకి వెళ్తాయి. కానీ 75 శాతం హాజరు, మధ్యాహ్నం ల్యాబులు, రాను పోను బస్సులో రెండు మూడు గంటలు, వారం వారం అసైన్‌మెంట్లు. ఇవన్నీ పోను పొద్దున రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు ప్రాక్టీసు చేసే ఓపిక ఏ కొద్దిమందికో ఉంటుంది. ఆ కొద్దిమందిని చూపించి అందరికీ అదే మందు ఇవ్వడం వైద్యం కాదు.

అసలు బ్యాకప్పంటే ఏమిటో మనకంటే బాగా ఎవరికి తెలుసు? ఒక్కసారి కూడా రిస్టోర్ చేసి చూడని బ్యాకప్పుని మనలో ఎవరైనా బ్యాకప్పు అంటారా? ఇరవై రెండేళ్ళకి తెచ్చుకున్న పట్టాని బీరువాలో పెట్టి, ఇరవై ఏడో ఏట మోకాలు దెబ్బతిన్నాక తీసి చూస్తే అందులో ఏం మిగిలి ఉంటుంది? ఫ్రెషర్ల డ్రైవులకి 'ఫలానా సంవత్సరం పాసైనవాళ్ళే రావాలి' అని హద్దు పెట్టేది ఎవరు? మనమే. ఐదేళ్ళుగా కోడు ముట్టని వాణ్ణి తీసుకోని వాళ్ళెవరు? మళ్ళీ మనమే. ఈ రెండు మూడేళ్ళుగా ఫ్రెషర్ల నియామకాలు ఎలా ఉన్నాయో మీకు నేను చెప్పక్కర్లేదు. మన దగ్గరే చెల్లని నోటుని మనమే పిల్లల చేతిలో పెట్టి, జాగ్రత్తగా దాచుకో అంటున్నాం.

ఇహ రెండో గుంపు. వీళ్ళు మరీ ప్రమాదం. "నీ మనసు చెప్పింది చెయ్యి, చదువెందుకు, బ్రూస్‌లీ ఏం చదివాడు?" అంటారు. బ్రూస్‌లీ 1961లో అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో చేరాడు. చదివింది నాటకరంగం. 1964లో డిగ్రీ పూర్తి కాకుండానే మానేశాడు, నిజమే. కానీ అతను పసితనం నుంచీ హాంగ్‌కాంగ్ సినిమాల్లో నటించినవాడు. నటన అనే రెండో వృత్తి చేతిలో పెట్టుకుని మానేశాడు. మీవాడి చేతిలో ఏముంది?

దీనికి మన సినిమాలు కూడా కొంత కారణం. 'తమ్ముడు'లో కిక్ బాక్సింగు, 'భద్రాచలం'లో తైక్వాండో. హీరో దెబ్బలు తింటాడు, లేస్తాడు, కప్పు ఎత్తుతాడు, శుభం కార్డు పడుతుంది. కప్పు ఎత్తిన మర్నాడు పొద్దున ఇంటద్దె ఎవరు కట్టారన్నది ఏ దర్శకుడూ చూపించడు.

ఈ విద్యల్ని ఇప్పుడున్న రూపానికి తెచ్చిన పెద్దల్నే తీసుకోండి. జూడోకి ఆద్యుడు జిగోరో కానో 1881లో టోక్యో విశ్వవిద్యాలయంలో డిగ్రీ పుచ్చుకున్నాడు. రాజనీతి, అర్థశాస్త్రం లాంటివి చదివాడు. 1882లో కొదోకాన్ మొదలుపెట్టాడు. అదే ఏడాది బళ్ళో పాఠాలు చెప్పడం కూడా మొదలుపెట్టాడు. తరవాత ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకి ఏళ్ళ తరబడి ప్రిన్సిపాలుగా చేశాడు. 1909లో అంతర్జాతీయ ఒలింపిక్ సంఘంలో సభ్యుడైన మొదటి ఆసియావాసి ఆయనే. కరాటేని ఒకినావా నుంచి 1922లో టోక్యోకి తెచ్చిన గిచిన్ ఫునకోషి అంతకు ముందు ముప్పై ఏళ్ళకు పైగా బడిపంతులు. ఇద్దరూ చదువుని వదిలెయ్యలేదు. అలాగని చదువు కోసం మ్యాటునీ వదిలెయ్యలేదు. మ్యాట్ పక్కన ఇమిడే పని చూసుకున్నారు, అంతే.

మరి ఏ డిగ్రీ? పిల్లలు అడిగితే నేను మూడు ప్రశ్నలు వేస్తాను.

మొదటి ప్రశ్న: నీ ఆట కాగితానికి విలువుందా, దాన్ని ఎవరిస్తారు?

ఇది చాలామంది తల్లిదండ్రులకి తెలియదు. కేంద్ర ప్రభుత్వం గ్రూప్-సి ఉద్యోగాల్లో 5 శాతం దాకా ఖాళీలు క్రీడాకారులతో నింపుకోవచ్చు. ఏయే ఆటలు లెక్కలోకి వస్తాయో ఒక జాబితా ఉంది. 2020లో దాన్ని 43 నుంచి 63 ఆటలకి పెంచారు. బాక్సింగు, జూడో, కుస్తీ, తైక్వాండో, కరాటే అందులో ఉన్నాయి. అయితే సందుకొకటి చొప్పున వెలిసిన సంఘాలు 'అంతర్జాతీయ ఛాంపియన్‌షిప్పు' అని ఫంక్షన్ హాల్లో జరిపించి ఇచ్చే షీల్డులకి అక్కడ చిల్లిగవ్వ విలువ లేదు. దేశం తరఫున ఆడితే జాతీయ ఫెడరేషను, రాష్ట్రం తరఫున జాతీయ పోటీలు ఆడితే రాష్ట్ర సంఘం, విశ్వవిద్యాలయం తరఫున అంతర విశ్వవిద్యాలయ పోటీలు ఆడితే ఆ విశ్వవిద్యాలయం క్రీడా విభాగం, జాతీయ స్కూలు పోటీలైతే విద్యాశాఖ. సర్టిఫికెట్టు మామూలుగా ఈ నలుగురిలో ఒకరి దగ్గర్నుంచి రావాలి.

ఇందులో మూడోది చూశారా? అంతర విశ్వవిద్యాలయ పోటీలు. అంటే డిగ్రీ కాలేజీలో చేరడం అనేదే ఒక ఆట మైదానంలోకి టిక్కెట్టు. ఆ పోటీలకి రెగ్యులర్ విద్యార్థి అయ్యుండాలి, 25 ఏళ్ళ వయసు హద్దు కూడా ఉంది. "దూరవిద్యలో ఏదో ఒకటి కట్టించండి, రోజంతా ప్రాక్టీసు చేసుకుంటాడు" అని తెలివిగా సలహా ఇచ్చేవాళ్ళు ఈ టిక్కెట్టుని చింపేస్తున్నారు. కాబట్టి కాలేజీలో చేరేముందు క్యాంటీనూ ప్లేస్‌మెంటూ కాదు, వ్యాయామ విభాగానికి వెళ్ళి అడగండి. ఈ విశ్వవిద్యాలయం మా ఆటలో జట్టుని పంపుతుందా? పోయినేడాది పంపిందా? పోటీలకి వెళ్ళిన రోజుల హాజరు ఇస్తారా? మూడింట్లో రెండింటికి నీళ్ళు నమిలితే ఇంకో కాలేజీ చూసుకోండి. తెలంగాణలో డిగ్రీ సీట్లకి దోస్త్‌లో దరఖాస్తు చేసేటప్పుడు క్రీడల కేటగిరీ ఉంటుంది. దాన్ని ఖాళీగా వదిలెయ్యకండి.

అలాగే ఏ ఆట అన్నదీ ముఖ్యమే. జూడో 1964లో, తైక్వాండో 2000లో ఒలింపిక్ పతకాల ఆటలయ్యాయి. కరాటే 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో ఒకే ఒక్కసారి కనిపించింది. 2024 పారిస్‌లో లేదు, 2028 లాస్ ఏంజెలెస్ జాబితాలోనూ లేదు. ఏషియన్ గేమ్స్‌లో 1994 నుంచి ఉంది. కరాటే తక్కువ విద్య అనడం లేదు నేను. దారి ఎక్కడిదాకా వేశారో తెలుసుకుని బండెక్కమంటున్నాను.

రెండో ప్రశ్న: రోజులో నీకు ఎన్ని గంటలు మిగులుతాయి?

చాలా డిగ్రీ కాలేజీలు మధ్యాహ్నానికి వదిలేస్తాయి. బి.ఏ., బి.కాం. లాంటి మూడేళ్ళ చదువుకి అదే పెద్ద అర్హత నా దృష్టిలో. వెక్కిరించే ముందు ఒక్క సంగతి: 'ఏదైనా డిగ్రీ' అడిగే ప్రభుత్వోద్యోగానికి బి.ఏ. ఒకటే, బీటెక్ ఒకటే. అక్కడ తేడా తెచ్చేది పతకం. ఆ పతకానికి కావలసింది సాయంత్రాలు.

నిజానికి ఈ ప్రశ్న డిగ్రీ దగ్గర కాదు, పదో తరగతి అయిన నెలలోనే అడగాలి. పొద్దున ఆరింటికి మొదలై రాత్రి పదింటికి వదిలే ఇంటర్ హాస్టల్లో రెండేళ్ళు పడేస్తే, బయటికొచ్చేసరికి ఆట ఉండదు, నడుం ఉండదు. ఆ తరవాత ఏ డిగ్రీ అని చర్చ పెట్టుకోవడం రైలెళ్ళిపోయాక టైంటేబుల్ చూసుకున్నట్టే.

మూడో ప్రశ్న: ముప్పై ఐదో ఏట నువ్వు ఎక్కడుంటావు?

పోటీలు ఆడే వయసు ముప్పై దాటాక ఎక్కువ కాలం ఉండదు. ఆ తరవాత కూడా మ్యాట్ దగ్గరే ఉండాలనుకుంటే అప్పుడు చదువు రంగు మారుతుంది.

బళ్ళో వ్యాయామోపాధ్యాయుడు కావాలంటే ఇంటర్ తరవాత రెండేళ్ళ డి.పి.ఎడ్. గానీ, డిగ్రీ తరవాత రెండేళ్ళ బి.పి.ఎడ్. గానీ ఉండాలి. ప్రవేశానికి పీఈసెట్ ఉంది. చేతిలో ఎన్ని బ్లాక్ బెల్టులున్నా ఈ కాగితం లేకపోతే ప్రభుత్వ బడిలో పీఈటీ కాలేరు. పెద్ద స్థాయి కోచ్ కావాలంటే పాటియాలాలో 1961 నుంచి ఉన్న జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే కోచింగ్ డిప్లొమాకి మన దేశంలో మంచి పేరుంది. బాక్సింగు, జూడో, కుస్తీ అక్కడ నేర్పుతారు. ఆ ఆటలో ఏ స్థాయి దాకా ఆడావన్నది అక్కడ చూస్తారు. వ్యాయామ విద్యే ప్రధానంగా చదవాలంటే 1957లో మొదలైన గ్వాలియర్ సంస్థ ఉంది.

దెబ్బలూ కీళ్ళూ కండరాలూ అంటే ఆసక్తి ఉన్నవాళ్ళకి ఫిజియోథెరపీ చాలా మంచి దారి. కానీ దానికి మామూలుగా ఇంటర్లో బైపీసీ చదివి ఉండాలి, పైగా ఆసుపత్రి డ్యూటీలతో రోజంతా పట్టే చదువు. పతకాల వేటలో ఉన్నవాళ్ళకి కష్టం, ఆటని వదలకుండా బతకాలనుకునేవాళ్ళకి బంగారం.

సొంతంగా శిక్షణ కేంద్రం పెట్టుకుంటానంటే బి.కాం. చదవమంటాను. నవ్వకండి, ఒక లెక్క చూడండి. అంకెలు నేను ఊహించినవే, మీ ఏరియాని బట్టి మార్చుకోండి. 60 మంది పిల్లలు, నెలకి 1,500 చొప్పున 90,000. హాలు అద్దె 35,000. ఇద్దరు అసిస్టెంట్లకి 20,000. మ్యాట్లు, కరెంటు, పోటీలకి తీసుకెళ్ళే ఖర్చులు 10,000. మాస్టారికి మిగిలేది 25,000. వేసవి సెలవుల్లో పిల్లలు పెరుగుతారు, పరీక్షల నెలల్లో సగం మంది మాయమైపోతారు. రెండో బ్రాంచి పెడితే ఏడాది వసూళ్ళు 21,60,000 అవుతాయి. సేవల మీద జీఎస్టీ రిజిస్ట్రేషనుకి 20 లక్షల హద్దు ఉంది, అక్కడ ఇంకో తలనొప్పి. అద్దె ఒప్పందంలో ఏముందో చదవలేక, పుస్తకాలు రాసుకోలేక మూతపడిన కేంద్రాలు నేను చూశాను. తన్నడం రాక మూతపడినదాన్ని ఒక్కదాన్నీ చూడలేదు.

కొరియాలో యోంగిన్ విశ్వవిద్యాలయంలో జూడోకి, తైక్వాండోకి విడిగా శాఖలే ఉన్నాయి. అక్కడైతే ఇంత తర్జనభర్జన అక్కర్లేదు. మన దగ్గర ఆ సదుపాయం లేదు కాబట్టే ఈ మూడు ప్రశ్నలు.

ఇదంతా పుస్తకాల మాట అనుకునేవాళ్ళకి మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ ఉంది. (బాక్సింగు మార్షల్ ఆర్టా అని వాదనకి దిగకండి, ఒకరినొకరు కొట్టుకునే విద్యలన్నీ నాకు చుట్టాలే.) 2009లో విశాఖలోని సాయ్ కేంద్రంలో చేరింది. 2011లో జూనియర్ ప్రపంచ విజేత. హైదరాబాదులో బి.ఏ.లో చేరింది, అంతర విశ్వవిద్యాలయ పోటీలు ఆడింది. 2017లో భుజం గాయంతో ఆటకి దూరమైంది. 2021లో బ్యాంకు ఉద్యోగం వచ్చింది. 2022లో, 2023లో ప్రపంచ విజేత. 2024 పారిస్‌లో పతకం రాలేదు, అదే ఏడాది తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. అందరూ నిఖత్‌లు కాలేరు, ఒప్పుకుంటాను. కానీ ఈ వరసలో బీటెక్ ఎక్కడైనా అవసరం పడిందా? చదువు, ఉద్యోగం, ఆట మూడూ ఉన్నాయి, ఒకదాన్నొకటి తినెయ్యలేదు. భుజం పోయిన ఏడాది ఆమెని మళ్ళీ లేపింది కంప్యూటర్ సైన్సు కాదు.

ఇహ రెండు అభ్యంతరాలు ఎప్పుడూ వస్తాయి. "రేపు మనసు మారితే?" మారనివ్వండి. మూడేళ్ళ డిగ్రీ తరవాత ఐసెట్ రాసి ఎం.సి.ఏ. చెయ్యొచ్చు. ఇంటర్లోనో డిగ్రీలోనో లెక్కలు చదివి ఉంటే చాలు. 2020 నుంచి అది రెండేళ్ళ కోర్సే. మీ టీములోనే బి.ఎస్సీ. తరవాత ఎం.సి.ఏ. చేసి వచ్చినవాళ్ళు ఉంటారు, ఒక్కసారి లేచి అటూ ఇటూ చూడండి. ఐటీ తలుపు మూసుకుపోదు. పద్దెనిమిదేళ్ళ ఒంటికి మాత్రం మళ్ళీ ప్రవేశ పరీక్ష లేదు.

"పెళ్ళి సంబంధాలు?" ఇది ఎక్కువగా ఆడపిల్లల విషయంలో వస్తుంది. తనని తాను కాపాడుకోగలిగి, సొంత సంపాదన ఉన్న పిల్లని బి.ఏ. అన్న ఒక్క కారణంతో వద్దన్న సంబంధం తప్పిపోతే పీడా పోయిందనుకోవాలి.

సలహాలు ఇవ్వడం మానెయ్యమని నేననను, మనకది సాధ్యం కాదు కూడా. ఇచ్చేముందు ఒక్క ఆదివారం మీ ఊళ్ళో జరిగే కాలేజీల పోటీలకి వెళ్ళి గ్యాలరీలో కూర్చోండి. చోటు దొరకదన్న భయం లేదు, గ్యాలరీలు ఖాళీగానే ఉంటాయి. బరువు హద్దులోకి రావడానికి పొద్దున్నుంచి మంచినీళ్ళు కూడా తాగని పిల్లలు, పాత బనీను చింపి మణికట్టుకి చుట్టుకున్న పిల్లలు, ఓడిపోయి మూల కూర్చుని ఏడ్చి మళ్ళీ లేచి పక్కవాడికి చప్పట్లు కొట్టే పిల్లలు కనిపిస్తారు. వాళ్ళలో ఒకర్ని పిలిచి, "నాన్నా, రోజూ ఎన్ని గంటలు చేస్తావు? ఆ గంటలు మిగలాలంటే ఏ చదువైతే బాగుంటుంది?" అని అడగండి. మీకు తెలిసిన కోర్సు పేరు ఆ తరవాత చెబుదురుగాని.